విత్తొకటి, చెట్టొకటి

‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అని సామెత. దీన్ని ఎక్కువగా ఆడపిల్లల మీదే ప్రయోగిస్తారు. తల్లి ఎలాంటిదో కూతురూ అలాంటిదేనని తేల్చెయ్యడానికి. తల్లిని చూసి పిల్లని తెచ్చుకోమనే సామెత దీనికి తోడు. సొంత పంటలోంచే విత్తనం దాచుకున్న రోజుల మాటలివి. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర విత్తనాల కొట్లో నేను కొన్న హైబ్రీడ్ టమాటా ప్యాకెట్ ముందు మాత్రం ఈ సామెత చెల్లదు.

టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. దాని పుప్పొడి దానికే చాలు. అందుకే నాటు టమాటా గింజ వేస్తే తల్లిలాంటి మొక్కే వస్తుంది. హైబ్రీడ్ అలా కాదు. వేర్వేరు లక్షణాలున్న రెండు రకాల్ని కలిపితే వచ్చే మొదటి తరం అది. ఆ ఒక్క తరం మాత్రం అన్ని మొక్కలూ ఒకే తీరుగా, తొందరగా, గట్టి కాయలతో కాస్తాయి. ఆ పండులోంచి గింజ తీసి వేస్తే తాతల నాటి గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. అందుకే ప్రతి పంటకీ మళ్లీ ప్యాకెట్ కొనాలి.

నా ప్యాకెట్ మీద ‘60 రోజుల్లో కోత’ అని ఉంది. ఆ లెక్క నారు నాటిన రోజు నుంచి. గింజ వేసిన రోజు నుంచి కాదు. మొలక రావడం, ఎండకీ వానకీ కాపాడటం, నాలుగైదు ఆకులు తొడిగేదాకా చూసుకోవడం, అదంతా దాదాపు నెల. ఆ నెల లెక్కలో లేదు! నారుమడి దగ్గర పని ఎక్కువగా ఆడవాళ్లదే అయినచోట లెక్క అక్కడి నుంచి ఎందుకు మొదలుకాదు అని అడగాలనిపిస్తుంది. ఇంటి చాకిరీని లెక్కపెట్టని జాతీయాదాయం గురించి మనం ఎన్ని వ్యాసాలు రాయలేదు?

మా సముద్రతీరంలో తొందరగా కాసే రకానికి ఒక అర్థముంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊళ్లో చెట్టన్నదాన్ని వదల్లేదు. ఎండలు ముదిరి, పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రుళ్లు కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది. ఈ రెండిటి నడుమ ఉన్న చలికాలంలోనే కాపు దక్కాలి. మేడ మీద సంచుల్లో వేసిన మొక్కలకి ఊతకర్రలు కట్టాను. ఆకుముడత తెచ్చే తెల్లదోమకి పసుపు జిగురు అట్టలు వేలాడదీశాను. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెత్తితే కాయ అడుగు నల్లబడుతుంది, నీళ్లు సమంగా పడాలి. నేను కాలేజీలో ఉండే వేళ ఆ నీళ్లు అమ్మ పోస్తుంది.

లెక్కలోకి రాని చేతులు ఇంకా ఉన్నాయి. హైబ్రీడ్ గింజ తయారు కావాలంటే తల్లి మొక్క మొగ్గ విచ్చుకోకముందే దాన్ని విప్పి, చిమటాతో లోపలి మగ భాగాన్ని తీసెయ్యాలి. ఆ పువ్వు విచ్చుకునే వేళకి తండ్రి మొక్క పుప్పొడి అద్దాలి. ఒక్కొక్క పువ్వుకీ చేత్తోనే. కర్ణాటకలో రాణిబెన్నూరు చుట్టుపక్కల పొలాల్లో ఈ పని చేసేది ఎక్కువగా కూలి ఆడవాళ్లు. పత్తి విత్తనానికీ ఇదే పద్ధతి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తి విత్తన పొలాల్లో బడికి పోవాల్సిన ఆడపిల్లలు ఈ పనిలో ఉన్నారని 1990ల చివరి నుంచి అధ్యయనాలు చెబుతూ వచ్చాయి. వాళ్లవి సన్నని వేళ్లు, ఈ పని వాళ్లకే బాగా వస్తుందని సమర్థింపు! ప్యాకెట్ మీద కంపెనీ పేరుంటుంది, ఆ వేళ్ల పేరుండదు.

అలాగని నాటు టమాటా మీద బెంగపెట్టుకుని కూర్చోలేను. పూర్ణా మార్కెట్‌లో గంప ముందు కూర్చున్న ఆమెని “నాటువి లేవా అక్కా?” అని అడిగితే నవ్వింది. “నాటుది పులుపమ్మా, చారుకదే బాగుంటాది. కానీ సాయంత్రానికి నీరైపోద్ది. ఇదైతే రేపూ అమ్ముకుంటాను. మిగిలిపోతే మాకెవులిస్తారు?” మందమైన తొక్క నాకు రుచి తక్కువ, ఆమెకి మర్నాటి పెట్టుబడి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు, చితికిన ప్రతి కాయా ఆమె రోజుకూలిలోంచి పోయినట్టే.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం పంటలోంచి విత్తనం దాచుకునే, తిరిగి విత్తుకునే, పంచుకునే హక్కు రైతుకిచ్చింది. హక్కు భద్రంగానే ఉంది. దాచుకున్నా తల్లిలా కాయని గింజ చేతికొచ్చినప్పుడు ఆ హక్కుతో ఏం చెయ్యాలి? జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలు దాచి ఒకరికొకరు ఇచ్చుకుంటూ దీనికి తమ జవాబు చెప్పారు. టమాటాని రామములక్కాయ అనే మా అమ్మమ్మ కూడా గింజల్ని బూడిదలో దొర్లించి ఆరబెట్టేది. దాన్నెవరూ శాస్త్రం అనలేదు.

ఏమవుతుందో తెలిసే, పోయినేడు నా హైబ్రీడ్ పండులోంచి గింజలు తీసి అమ్మమ్మ పద్ధతిలో ఆరబెట్టి వేశాను. ఆరు మొక్కలు బతికాయి. ఒకటి తీగలా సాగింది, ఒకటి మరుగుజ్జుగా మిగిలింది, ఒకటి నెల ఆలస్యంగా పూసింది, ఒకటి పల్చటి తొక్కతో పుల్లగా కాసింది. తల్లి పోలిక ఒక్కదానికీ లేదు. నాకు ముచ్చటేసింది. పొలం కౌలుకి తీసుకున్న మనిషైతే ఏడ్చేది.

పుల్లగా కాసిన దాని గింజలు దాచాను. నచ్చిన మొక్కని ఏటా ఏరుకుంటూ ఆరేడు తరాలు సాగు చేస్తే గుణం స్థిరపడి, గింజ మళ్లీ తల్లిని పోలుతుంది. ఇక్కడ ఏడాదికొక్క మంచి కాపు. అంటే ఆరేడేళ్లు. నా పిహెచ్‌డికీ అంతే పట్టింది. “ఇంకా అవలేదా?” అని అడిగినవాళ్లెవరూ లెక్క ఎక్కడ మొదలెట్టారో చెప్పలేదు.