పేరు ఒకటే, యంత్రం వేరు

పశువుల సంతలో ఎద్దును కొనే రైతు దాని రంగు చూసి మురిసిపోడు. నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. పళ్ళను బట్టి వయస్సు, నడకను బట్టి సత్తువ తెలుస్తాయి. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మాత్రం చాలామంది మూత మీది మెరుపు చూసి, పెట్టె మీది పెద్ద అక్షరాలు చదివి డబ్బు చెల్లిస్తారు. ఈ యంత్రం సత్తువ తెలిపే గుర్తులు చిన్న అక్షరాలలో ఉంటాయి.

హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటలు ఎక్కువ. అక్కడి ఒక తెలుగు రైతు కూతురికి ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చింది. నాలుగేళ్ళ చదువుకు ల్యాప్‌టాప్ కావాలి. రెండేళ్ళపాటు పెళ్ళిళ్ళ కాలంలో పూలమ్మి కూడబెట్టిన సొమ్ము తీసుకొని తండ్రీకూతుళ్ళు బెంగళూరు బస్సెక్కారు. కంప్యూటరు సామానుకు పేరుపొందిన ఎస్.పి. రోడ్డులో ఒక దుకాణానికి వెళ్ళారు. దుకాణంలో కన్నడం, పెట్టెల మీద ఇంగ్లీషు, తమలో తాము తెలుగు. సరిహద్దు జిల్లాలవారికి ఇది అలవాటే.

దుకాణదారు రెండు ల్యాప్‌టాప్‌లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కంపెనీ ఒకటే, మోడల్ పేరు ఒకటే, బూడిద రంగు కూడా ఒకటే. రెండింటి మీదా ‘రైజెన్ 5’ అనే అంటింపు ఉంది. ధరలో మాత్రం నాలుగు వేల రూపాయల తేడా.

“రెండూ ఒకటే సార్. ఇది పాత స్టాకు, అందుకే చవక” అన్నాడు అతడు.

“రెండూ ఒకటే అయితే చవకదే తీసుకుందాం తల్లీ” అన్నాడు తండ్రి.

“ఒక్క నిమిషం ఆగు నాయనా” అని ఆ పిల్ల పెట్టెల పక్కనున్న చీటీలు చదివింది. ఒకదాని మీద 7520యు అని, మరొకదాని మీద 7530యు అని ఉంది.

ఎ.ఎం.డి. సంస్థ 2022లో తన ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు కొత్త అంకెల పద్ధతిని ప్రకటించింది. అందులో మొదటి అంకె 7 అంటే 2023 నాటి వరుస అని అర్థం. లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్పేది మూడవ అంకె. 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. జెన్ 2 నిర్మాణం 2019లోనే వచ్చింది. అంటే కొత్త వరుసలో పాత తరం కూర్చొని ఉందన్నమాట. 7520యులో 4 కోర్లు ఉంటే, 7530యులో 6 ఉన్నాయి. పైగా 7520యు పెట్టిన యంత్రాలలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసి అతికిస్తారు. 8 జి.బి. కొంటే చివరి వరకు 8 జి.బి.యే. తెలిసినవారు తప్ప చదవలేని ఇటువంటి పేర్లు కొనేవారి మేలు కోరి పెట్టినవి అనిపించవు.

“ఆ ఒక్క అంకెకు నాలుగు వేలా?” అన్నాడు తండ్రి. తోటకు మందు కొట్టడానికి దాచిన డబ్బులోంచే అది తీయాలి మరి.

“అంకె ఒకటే కాని, లోపల పని చేసేవి రెండు ఎక్కువ నాయనా. ర్యామ్‌కు ఖాళీ చోటు ఉందేమో అన్నని అడుగుదాం” అంది కూతురు. దుకాణదారు ఎవరికో ఫోను చేసి, ఉందని చెప్పాడు. తండ్రి కాసేపు ఆలోచించి 7530యు కొన్నాడు. బిల్లులో ‘రైజెన్ 5 ల్యాప్‌టాప్’ అని మాత్రమే రాయబోతే, చీటీ మీది పూర్తి నంబరు వేయమని ఆ పిల్ల అడిగింది. అతడు కొంచెం విసుక్కున్నా వేసి ఇచ్చాడు. తరువాత తగాదా వస్తే మాట చెల్లేది ఆ నంబరుతోనే.

ఇంటెల్ వారి పద్ధతి వేరు. ఐ5-1235యు, ఐ5-12450హెచ్ అనే రెండింటిలోనూ 12 అంటే పన్నెండవ తరం. చివరి అక్షరం అసలు సంగతి చెబుతుంది. యు అంటే తక్కువ కరెంటుతో నడిచేది, దాని మూల విద్యుత్తు 15 వాట్లు. హెచ్ అంటే బరువు పనులకు తగినది, దానికి 45 వాట్లు. కోర్ల లెక్క చూస్తే మొదటిదానికి 10, రెండవదానికి 8. అయినా రెండవదానిలో బలమైన కోర్లు 4 ఉండగా, మొదటిదానిలో రెండే. కాబట్టి కోర్లను లెక్కపెట్టినంత మాత్రాన చాలదు.

గ్రాఫిక్స్ చిప్పులదీ ఇదే కథ. ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఆర్.టి.ఎక్స్. 4060ని తయారీదారు 35 వాట్ల నుండి 115 వాట్ల వరకు ఎక్కడైనా బిగించవచ్చు. పేరు మారదు, వేగం మారుతుంది. అందుకే “ఏ చిప్పు?” అని అడిగి ఊరుకోకుండా “ఎన్ని వాట్లు?” అని కూడా అడగాలి.

కొన్నిచోట్ల తేడా ఏ అంకెలోనూ కనిపించదు. 2022లో వచ్చిన ఎమ్2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 256 జి.బి. రకానికి నిల్వ చిప్పు ఒక్కటే పెట్టారు. 512 జి.బి. రకానికి రెండు పెట్టారు. తక్కువ ధరది కొన్నవారు చోటు మాత్రమే తగ్గిందనుకున్నారు, వేగం కూడా తగ్గిందని పెట్టె మీద లేదు. అప్పుడు ఆ నంబరు పేరిట జరిగిన పరీక్షల ఫలితాలు చదవడమే దారి. ఆ నంబరు కూడా పూర్తిగా ఉండాలి. థింక్‌ప్యాడ్ టి14 మొదటి తరంలో 20ఎస్0తో మొదలయ్యేది ఇంటెల్ యంత్రం, 20యుడితో మొదలయ్యేది ఎ.ఎం.డి. యంత్రం. ‘టి14’ అని మాత్రమే వెతికితే ఒకదాని గుణాలు మరొకదానివిగా తోస్తాయి.

తెరను మాత్రం చదవడం కన్నా చూడడం మేలు. 250 నిట్ల తెర దుకాణం దీపాల కింద బాగానే కనిపిస్తుంది. పగటిపూట వసారాలో కూర్చుంటే అక్షరాలు వెలవెలబోతాయి.

ఇంటికి తెచ్చాక 512 జి.బి. అన్న డిస్కు విండోస్‌లో 476గా కనిపించి కొందరిని కంగారు పెడుతుంది. అందులో మోసం లేదు. తయారీదారు వెయ్యేసి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది.