నిద్రపోని ప్యాక్

జురాంగ్ ఈస్ట్ ఎమ్మార్టీ స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే మా ఆఫీసు. 2019లో బ్యాటరీ ప్యాకుల్లో ఉండే బోర్డు డిజైన్ నా పని. ఆ బోర్డు మీద ఓ చిప్ ఒక్కో సెల్ వోల్టేజీనీ కనిపెట్టుకుని ఉంటుంది. ప్యాక్‌ని పెట్టెలో పెట్టేముందు దాన్ని షట్‌డౌన్ చెయ్యాలి. నిద్రపోతే అది తాగే కరెంటు ఒక మైక్రో ఆంపియర్ లోపే. లేచిందా, మైక్రోకంట్రోలర్‌తో కలిపి పది మిల్లీ ఆంపియర్లు. 2,500 మిల్లీ ఆంపియర్ అవర్ల ప్యాక్ పదిరోజుల్లో ఖాళీ!

సరిగ్గా అలాగే కస్టమర్ గోడౌన్ నుంచి ప్యాకులు చచ్చి తిరిగొచ్చాయి.

జొహోర్ బారు నుంచి రోజూ కాజ్‌వే దాటి వచ్చే అంకుల్ మా టెస్టింగ్ చూసేవారు. కాంట్రాక్టు ఉద్యోగం, నెలాఖరుతో సరి. "షట్‌డౌన్ చెయ్యకుండానే ప్యాక్ చేసినట్టున్నారు" అని నేను అందరికీ మెయిల్ కొట్టాను.

"ఒక్కటీ వదల్లేదు లా" అన్నారాయన.

మీటర్ పెట్టి రెండు రోజులు చూశాను. చిప్ హాయిగా నిద్రపోతోంది. నా మాటే నిజమనుకున్నాను. అయినా మనసొప్పక ఒక ప్యాక్ ఇంటికి పట్టుకెళ్ళి, ఎండపడే వంటింటి కిటికీ దగ్గర పెట్టాను. గంటలో ఆకుపచ్చ లైటు వెలిగింది. మళ్ళీ ఆఫ్ చేసి టెర్మినల్స్‌కి మీటర్ తగిలిస్తే వెలగలేదు. మీటర్ తీసేస్తే కాసేపటికి వెలిగింది! అమ్మ చూస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని, గది దాటగానే లేచి కూర్చునే పిల్లాడిలా ఉంది వ్యవహారం.

విషయం ఇదీ. బయటి టెర్మినల్ మీద వోల్టేజీ కనబడితే చార్జర్ వచ్చిందనుకుని చిప్ లేస్తుంది. ఆఫ్‌లో ఉన్న మాస్‌ఫెట్ కూడా రవ్వంత కరెంటు లీక్ చేస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆ లీకు దాదాపు రెట్టింపు. బొట్టూ బొట్టూ చేరి టెర్మినల్ వోల్టేజీ పెరుగుతోంది. మీటర్ లోపలుండే పది మెగోముల రెసిస్టెన్స్ ఆ బొట్లని జార్చేస్తోంది. ఏసీ గదిలో, మీటర్ పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడా!

సోమవారం టెర్మినల్‌కీ నెగటివ్‌కీ మధ్య ఒక మెగోమ్ రెసిస్టర్ సోల్డర్ చేసి, హెయిర్ డ్రయర్‌తో వేడిచేశాను. చిప్ లేవలేదు. ఆ రెసిస్టర్ మొదటే పెట్టాల్సింది నేను.

అసలు కష్టం అప్పుడొచ్చింది. నా పాసు రెన్యువల్ దగ్గర పడింది. సెండ్ మీద వేలు చాలాసేపు ఆగింది. చివరికి ఆ పాత మెయిల్‌కే, అందరికీ జవాబు రాశాను: "అంకుల్ తప్పేమీ లేదు. డిజైన్ తప్పు, నాది."

ఆ సాయంత్రం ఆయనే తే తారిక్ ఇప్పించారు. ఆయన కాంట్రాక్టు పొడిగించారు. నా పాసు సంగతి తేలడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. అదేమిటో గానీ, ఆ మూడు వారాలూ నాకు నిద్ర మాత్రం బాగానే పట్టింది.