క్లేర్ స్మిత్ బైలైన్

మేం హార్ట్‌ఫర్డ్ చేరేనాటికి ఆ ఊరికంటూ పెద్ద లీగుల్లో ఆడే బేస్‌బాల్ టీమ్ లేదు. ఒకపక్క న్యూయార్క్, ఇంకోపక్క బోస్టన్, రెండూ కారులో ఇంచుమించు రెండు గంటలు. అందుకే మా వీధిలో ఒకింటి వాకిట్లో యాంకీస్ జెండా, పక్కింటి వాకిట్లో రెడ్ సాక్స్ జెండా ఉండేవి. 1983 చలికాలం ముందు మా వారి ఉద్యోగం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది. ఆయనది ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్ పని. ఆ ఊరొచ్చిన తెలుగువాళ్లలో చాలామందిది అదే పని.

అంతకుముందు నేను విజయవాడలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. టెలిప్రింటర్ మీద వచ్చిన పీటీఐ, యూఎన్ఐ వార్తలు తెలుగు చేయడం, జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చిన కవర్లు విప్పడం, హెడ్డింగులు పెట్టడం నా పని. ఆడవాళ్లకి రాత్రి డ్యూటీ వేసేవాళ్లు కాదు. మా మంచికేనని చెప్పేవాళ్లు. 1983 జూన్ 25న లార్డ్స్‌లో కపిల్‌దేవ్ జట్టు 183 పరుగులే చేసి, వెస్టిండీస్‌ని 140కి పడగొట్టి కప్పు ఎత్తేసరికి మన దగ్గర అర్ధరాత్రి కావొస్తోంది. డెస్కులో మగవాళ్లు కట్టిన మొదటి పేజీ విప్పేసి మళ్లీ కట్టారట. నేనప్పుడు సత్యనారాయణపురంలో మా మేనత్తగారింట్లో రేడియో ముందు కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే ఆ పేజీ చదివాను. ఒక్క అక్షరం మీద కూడా నా చెయ్యి పడలేదు. ఆ ఉద్యోగం వదులుకుని విమానం ఎక్కేటప్పుడు పెద్ద బాధ కూడా కలగలేదు.

హార్ట్‌ఫర్డ్ కూరంట్ 1764లో మొదలై ఇప్పటికీ ఆగకుండా వస్తున్న పత్రిక. అమెరికా దేశం పుట్టకముందే పుట్టింది. పేపరు పిచ్చి ఉన్నదాన్ని గనక మొదటి పేజీ నుంచి చావు ప్రకటనల దాకా చదివేసేదాన్ని. 1984 మార్చిలో, బయట మంచు ఇంకా కరగనేలేదు, స్పోర్ట్స్ పేజీలో ఫోర్ట్ లాడర్‌డేల్ డేట్‌లైన్‌తో రోజూ వార్తలు వస్తున్నాయి. అప్పట్లో యాంకీస్ టీమ్ ఫ్లోరిడాలో సీజన్ ముందు సాధన చేసే ఊరది. వాటి మీద క్లేర్ స్మిత్ అని పేరు.

"క్లేర్ అంటే ఆడపేరేనాండీ?" అని మా వారిని అడిగాను.

"ఆడపేరే. అయినా బేస్‌బాల్ కదా, మగాడే అయ్యుంటాడు" అన్నారు ఆయన.

ఎదురింటి పెద్దాయన ప్రాట్ అండ్ విట్నీలో విమానాల ఇంజిన్లు చేసి రిటైరయ్యాడు. యాంకీస్ భక్తుడు. ఆవిడ ఆడమనిషేననీ, నల్లజాతి అమ్మాయనీ, 1983 నుంచి ఆ టీమ్ వెంట తిరుగుతోందనీ చెప్పింది ఆయనే. ఒక పెద్ద లీగు టీమ్ వెంట రోజూ తిరిగి రాసే ఈ బీట్ పని చేసిన మొదటి మహిళ ఆవిడేనని ఇప్పుడు చాలాచోట్ల రాస్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. టొరంటో స్టార్ కోసం ఎలిసన్ గోర్డన్ 1979 నుంచే బ్లూ జేస్ వెంట తిరిగింది. దాంతో క్లేర్ స్మిత్ ఘనత తగ్గేదేమీ లేదు. స్టైన్‌బ్రెనర్ యజమానిగా, బిల్లీ మార్టిన్ మేనేజర్‌గా ఉన్న టీమ్‌లో నిలదొక్కుకోవడం మగ విలేఖరులకే గండంగా ఉండేది.

పెద్దాయన నాకు ముందు బాక్స్ స్కోర్, అంటే పేపర్లో వచ్చే ఆట అంకెల పట్టిక, చదవడం నేర్పాడు. ఆట చూడటం తర్వాతి మాట. ఆ పట్టికకి ఓ రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో మొదట క్రికెట్ వార్తలు రాసినవాడే. అది తెలిశాక ఆ అంకెలు నాకు కాస్త చుట్టాల్లా అనిపించాయి. పంచాంగం చూడటం వచ్చినవాళ్లకి తిథీ వారమూ కనిపించినట్టు, అలవాటయ్యాక ఆ చిన్న చట్రంలో మూడు గంటల ఆట మొత్తం కనిపిస్తుంది. ఒక్కటే చిక్కు. కాలిఫోర్నియాలో రాత్రి ఆట జరిగితే మాకు అర్ధరాత్రి దాటేది. మా ఇంటికొచ్చే ఎడిషన్‌లో స్కోరు ఉండేది కాదు, రాత్రి ఆట అని ఒక ముక్క మాత్రం ఉండేది.

ఆ ముక్క చూసినప్పుడల్లా నాకు డెస్క్ గుర్తొచ్చేది. బీట్ రిపోర్టర్ పని గురించి బయటివాళ్లు అనుకునేది ఒకటి, జరిగేది ఇంకొకటి. ఏడాదికి 162 ఆటలు, అందులో సగం బయటి ఊళ్లలో. ఆట రాత్రి ఏడున్నరకైతే విలేఖరి మధ్యాహ్నమే స్టేడియంలో ఉండాలి. మేనేజర్ బల్ల చుట్టూ నిలబడాలి, బ్యాటింగ్ సాధన చూడాలి, ఎవడి మోచెయ్యి వాచిందో కనిపెట్టాలి. ఆట నడుస్తుండగానే ఒక కాపీ పంపాలి. అయిపోగానే క్లబ్‌హౌస్ అనే ఆటగాళ్ల గదికి పరిగెత్తి, ఆటగాళ్లతో మాట్లాడి, ఆ మాటలు చేర్చి ఇంకో కాపీ పంపాలి. ఆ కాలంలో రేడియో షాక్ వాళ్ల మోడల్ 100 అనే చిన్న యంత్రం విలేఖరుల ఒళ్లో ఉండేది. దాని తెర మీద ఎనిమిది వరసలే పట్టేవి. ఫోన్ రిసీవర్‌ని రబ్బరు కప్పుల్లో ఇరికించి కాపీ పంపేవాళ్లు. ఇదంతా జరగడానికి ఉండేది గంట కూడా కాదు. అందులో ఆటగాళ్ల దగ్గర దొరికే నిమిషాలు చాలా కొద్ది.

1984లో డెట్రాయిట్ టైగర్స్ మొదటి 40 ఆటల్లో 35 గెలిచేసరికి యాంకీస్‌కి ఆశ చచ్చిపోయింది. మిగిలింది ఒక్క పోటీ, అదీ సొంత టీమ్‌లోనే. డేవ్ విన్‌ఫీల్డ్, డాన్ మాటింగ్లీలలో బ్యాటింగ్ సగటు ఎవరిది ఎక్కువ? విన్‌ఫీల్డ్ నల్లవాడు, పెద్ద జీతగాడు, యజమానికి కంటు. మాటింగ్లీ తెల్లవాడు, కుర్రాడు, అందరికీ ముద్దు. సెప్టెంబర్ 30 ఆదివారం చివరి ఆట. పెద్దాయన తన క్లబ్బు వాళ్లు బస్సు వేస్తే మమ్మల్నీ ఎక్కించుకున్నాడు. యాంకీ స్టేడియం పై అంతస్తు నుంచి ఆటగాళ్లు బొటనవేలంత ఉన్నారు. విన్‌ఫీల్డ్ వచ్చినప్పటికంటే మాటింగ్లీ వచ్చినప్పుడు జనం ఎక్కువ లేచారు. మా వరసలోనూ అంతే. మాటింగ్లీ ఐదు సార్లలో నాలుగు హిట్లు కొట్టాడు, విన్‌ఫీల్డ్ నాలుగింట్లో ఒకటి. ఒకరిది .343, ఇంకొకరిది .340.

తిరుగు ప్రయాణంలో బస్సంతా మాటింగ్లీ పాట పాడుతుంటే పెద్దాయన మాత్రం, "రేపు పేపర్ చూడు, అసలు కథ గదిలో ఉంటుంది" అన్నాడు. ఆ సీజన్ మొత్తం నేను అలాగే చదివాను. మైదానంలో ఏమైందో నా కళ్లకి తెలుస్తుంది. ఒకే గదిలో పక్కపక్క లాకర్ల ముందు కూర్చున్న ఇద్దరి మధ్య ఏముందో తెలియాలంటే, ఆ గదిలో రోజూ నిలబడే మనిషి కావాలి. ఆ ఇద్దరూ నమ్మి మాట్లాడే మనిషి కావాలి.

రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 2న, ఆ మనిషిని ఇంకో గదిలోంచి బయటికి నెట్టారు.

దీని వెనక కొంత కథ ఉంది. 1977 వరల్డ్ సిరీస్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ విలేఖరి మెలిస్సా లడ్కేని బేస్‌బాల్ కమిషనర్ బౌవీ కూన్ ఆఫీసు యాంకీ స్టేడియం క్లబ్‌హౌస్‌లోకి రానివ్వలేదు. కోర్టుకెళితే 1978లో జడ్జి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ లడ్కే పక్షాన తీర్పిచ్చింది. మోట్లీ మా కనెటికట్ ఆవిడే, న్యూ హేవెన్‌లో పుట్టింది. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో మొదటి నల్లజాతి మహిళా జడ్జి. కానీ యాంకీ స్టేడియం న్యూయార్క్ నగరపాలక సంస్థది కాబట్టి ఆ తీర్పు బలం అక్కడి వరకే. మిగతా చోట్ల ఏ టీమ్ ఇష్టం ఆ టీమ్‌ది. యాంకీస్‌తో తిరిగినంతకాలం క్లేర్ స్మిత్‌కి దారి ఉంది. షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో నేషనల్ లీగ్ ప్లేఆఫ్స్ కవర్ చేయడానికి వెళ్లేసరికి శాన్ డియెగో పాడ్రేస్ వాళ్ల తలుపు అడ్డొచ్చింది.

ఆ రోజు పాడ్రేస్ 13–0తో చిత్తుగా ఓడారు. ఆవిడ లోపలికి వెళ్తే తిట్లు పడ్డాయి, తర్వాత చేతులతో బయటికి తోశారు. పగటి ఆటే, రిగ్లీలో అప్పటికింకా దీపాలే లేవు. అయినా కాపీకి వేళ వేళే. తలుపు బయట ఉండి ఆవిడ పాడ్రేస్ ఆటగాడు స్టీవ్ గార్వీకి కబురు పెట్టింది. ఆయన నడవలోకి వచ్చాడు. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంటానన్నాడు, కానీ పని పని కదా, ముందు అది కానివ్వమని ధైర్యం చెప్పాడు. ఆవిడ కన్నీళ్లు తుడుచుకుని ప్రశ్నలడిగి, కాపీ పంపింది. సరిగ్గా ముందురోజే కమిషనర్‌గా బాధ్యత తీసుకున్న పీటర్ యూబెరాత్, ఇకమీదట అన్ని టీమ్‌ల తలుపులూ విలేఖరులందరికీ ఒకేలా తెరవాలని ఆదేశించాడు.

ఆ వారాంతం ఒక తెలుగువాళ్లింట్లో భోజనాలు. ఈ సంగతే వచ్చింది. "మగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో ఆవిడకేం పనండీ?" అన్నారు ఒకాయన. ఇంకొకావిడ నవ్వుతూ, "మీరూ అలాంటి చోట్లకి వెళ్లేవారా వదినగారూ?" అని నన్నడిగింది. నేను పులిహోర గిన్నె కింద పెట్టి, అక్కడ బట్టలు ఎవరూ చూడరనీ, గడియారం చూస్తారనీ చెప్పాను. మగ విలేఖరికి దొరికే పది నిమిషాలు ఆడ విలేఖరికి దొరక్కపోతే ఆవిడ పేపర్లో రేపు రంధ్రమే. గార్వీ మర్యాద చూపించాడని అందరూ అంటారు. నాకైతే ఆయన ఆవిడకి పోయిన నిమిషాలు తిరిగి ఇచ్చాడనిపిస్తుంది. మా వారు ఏమీ అనలేదు. కారులో మాత్రం, "నిన్ను ఆ రాత్రి డెస్కులో ఉంచాల్సింది" అన్నారు.

ఇప్పుడొక ఫిర్యాదు. క్లేర్ స్మిత్ పేరెత్తితే ఎవరైనా చెప్పేది ఈ తలుపు కథే. ఇప్పుడు నేనూ అదే చేశాను కదా అంటారేమో. కానీ ఆ తర్వాత కూడా ఆవిడ ఏళ్ల తరబడి రోజూ రాసింది. 1985 ఏప్రిల్‌నే తీసుకోండి. యోగీ బెరా ఈ సీజనంతా మేనేజర్‌గా ఉంటాడని ఫిబ్రవరిలో మాటిచ్చిన స్టైన్‌బ్రెనర్, 16 ఆటలకే ఆయన్ని తీసేశాడు. ఆ మాట తాను చెప్పకుండా ఇంకొకరి చేత చెప్పించాడు. యోగీ కొడుకు డేల్ అదే టీమ్‌లో ఆటగాడు. బిల్లీ మార్టిన్ నాలుగోసారి తిరిగొచ్చాడు. అవమానంతో యోగీ 1999 దాకా ఆ స్టేడియం గడప తొక్కలేదు. ఈ టీమ్ దగ్గర వార్త మైదానంలో పుట్టేది తక్కువ. యజమాని ఫోన్‌లోనో, హోటల్ లాబీలోనో పుట్టేది. కోపంగా ఉన్న ఆ మనుషులందరితోనూ మర్నాడు మళ్లీ మాట్లాడాలి. అందుకని ఎవరినీ పొడవకుండా, ఎవరికీ లొంగకుండా రాయాలి. ఆవిడ వాక్యాల్లో ఆ ఒడుపు ఉండేది. అరుపులుండవు, నిజం మాత్రం తప్పించుకోదు.

తర్వాత ఆవిడ కాలమిస్ట్ అయింది, 1991లో న్యూయార్క్ టైమ్స్‌కి వెళ్లింది. అప్పటికి నేను మా టౌన్ లైబ్రరీలో పనికి కుదిరాను. పేపర్లు వరసలో పేర్చే పని నాది కాబట్టి టైమ్స్ స్పోర్ట్స్ పేజీ మొదట నా చేతిలోనే తెరుచుకునేది. 1998లో ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్‌కి మారాక నాకు అంతగా అందలేదు. 2007లో ఈఎస్‌పీఎన్‌లో ఎడిటర్‌గా బ్రిస్టల్ వచ్చింది. మా ఇంటికి అరగంట దూరం. ఆ వయసులో చాలామంది విలేఖరులు ఆటోబయోగ్రఫీ మొదలుపెడతారు, ఆవిడ ఇతరుల కాపీలు దిద్దింది.

2016 డిసెంబర్‌లో బేస్‌బాల్ రచయితల సంఘం తమ అత్యున్నత పురస్కారం ఆవిడకి ప్రకటించింది. 1962 నుంచి ఇస్తున్నదాన్ని ఒక మహిళ అందుకోవడం అదే మొదటిసారి. అప్పట్లో దానికి జె.జి. టేలర్ స్పింక్ పేరుండేది. ఆయన స్పోర్టింగ్ న్యూస్ పత్రిక అధిపతి. నల్ల ఆటగాళ్లని పెద్ద లీగుల్లోకి రానివ్వాలన్న మాట ఎత్తితే ఎవరికీ మంచి జరగదని 1942లో ఆ పత్రిక సంపాదకీయం రాసింది. ఆ అడ్డు దాటిన నల్ల ఆటగాడు జాకీ రాబిన్సన్ కథ తల్లి నోటివెంట విని పెరిగిన అమ్మాయికి ఆ పేరుతో బహుమానం! సంఘం 2021లో ఆ పేరు తీసేసింది. నన్నడిగితే కాస్త ఆలస్యమే.

ప్రదానం 2017 జూలై 29న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో, డబుల్‌డే ఫీల్డ్‌లో. మా వారికి అప్పటికి మోకాళ్ల నొప్పులు. అయినా నాతో వచ్చారు. జాకీ రాబిన్సన్ భార్య రేచెల్ రాబిన్సన్‌కి కూడా అదే రోజు బక్ ఓనీల్ పేరిట పురస్కారం. క్లేర్ స్మిత్ తన ప్రసంగంలో రంగు వల్లో, ఆడపుట్టుక వల్లో దెబ్బలు తిని నిలబడినవాళ్లందరి పేరా ఆ గౌరవం అందుకుంది.

మా ముందు వరసలో ఇద్దరు జర్నలిజం విద్యార్థినులు. గార్వీ కథ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఉండబట్టలేక భుజం తట్టి, దానికి రెండు రోజుల ముందు ఏం జరిగిందో తెలుసా అనడిగాను. తెలియదన్నారు. నేను మాటింగ్లీ, విన్‌ఫీల్డ్‌ల చివరి ఆదివారం మొదలుపెట్టాను. ఒకమ్మాయి ఫోన్ తీసి రాసుకుంది. రెండో అమ్మాయి అంకెలు అడిగింది. మాటింగ్లీ 603కి 207, విన్‌ఫీల్డ్ 567కి 193 అని చెప్పాను. "ఇవన్నీ ఎలా గుర్తున్నాయండీ?" అని అడిగితే మా వారు అందుకుని, పేపర్లో చదివిందని ఇంగ్లీషులో చెప్పారు.