పందిరికి లైట్లు వేసేవాడు

2023 ఆగస్టులో మా విహారం వాట్సాప్ గ్రూపు రెండు రోజులపాటు మోగుతూనే ఉంది. 'మేడ్ ఇన్ హెవెన్' అనే హిందీ సిరీస్ రెండో సీజన్‌లో బౌద్ధ వివాహం చూపించారు. నీరజ్ ఘేవాన్ తీసిన భాగం అది. రాధికా ఆప్టే వేసిన పల్లవి మెన్కే అనే దళిత యువతి, వరుడి ఇంటి పద్ధతితోపాటు తన పద్ధతిలోనూ పెళ్లి జరగాలని పట్టుబడుతుంది. కోట్ల ఖర్చు పెళ్లిళ్ల మధ్య మన పెళ్లి, మన బాబాసాహెబ్ పటం! జైభీమ్‌లకు లెక్కలేదు. అమ్మకు టీవీలో పెట్టి చూపించాను. హిందీ రాకపోయినా కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీ నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో" అంది.

నాకూ కన్నీళ్లొచ్చాయి. అవి పెళ్లికూతురి కోసం మాత్రమే కాదు.

ఆ సిరీస్‌లో పెళ్లిళ్లన్నీ చేయించే ఇద్దరిలో ఒకడు కరణ్. అతను గే. 2019లో వచ్చిన మొదటి సీజన్‌లో ఇంటి ఓనరు చాటుగా తీసిన వీడియోతో పోలీసులు అతన్ని పట్టుకుపోతారు. మా గ్రూపులో అన్ని మెసేజ్‌లు వచ్చాయి గదా, ఆ పెళ్లి చేయించినవాడి గురించి ఒక్క ముక్క లేదు.

నేనూ గేనే. స్వలింగ ప్రేమికుణ్ని అని రాస్తే పుస్తకంలా ఉంటుంది, మా వీధిలో వాడే మాట రాస్తే తిట్టులా ఉంటుంది. కాబట్టి ఇంగ్లీషు మాటే రాస్తున్నాను. పేరు మాత్రం రాయడం లేదు.

మా ఇంట్లో టీవీ అంటే హిందీ సిరీస్‌లు కాదు, కామెడీ షోలు. ఏ ఛానెల్ అని చెప్పను. నడుము తిప్పుతూ, చెయ్యి వేలాడేసి, కనపడ్డ మగాడి మీదల్లా పడబోయే ఒక పాత్ర ఉంటుంది. "వీడు తేడా" అంటాడు పక్కవాడు. జడ్జీలు పగలబడి నవ్వుతారు. ఇంటర్ చదివే రోజుల్లో నాన్న పక్కన కూర్చుని అందరికన్నా గట్టిగా నేనే నవ్వేవాణ్ని. నవ్వకపోతే తెలిసిపోతుందేమోనని భయం.

తర్వాత చాలాకాలం ఒక మాటతో సర్దుకున్నాను: 'నేను అలాంటివాణ్ని కాదు.' నేను వైరింగ్ పని చేస్తాను, బైక్ నడుపుతాను, నా నడకలో తేడా లేదు. ఇది ఎక్కడో విన్న మాటే అని ఆలస్యంగా తట్టింది. మనకన్నా కిందివాణ్ని చూపించి మనం కాస్త పైనున్నామనుకోవడం. బాబాసాహెబ్ నిచ్చెనమెట్ల అసమానత అన్నది దీన్నే గదా. నడుము తిప్పి నడిచేవాడు నిజంగా ఉంటాడు. మా బజార్లోనే ఒకడున్నాడు, ఆ నడకకు రోజూ దెబ్బలు తింటాడు. నేను తినను. టీవీ మీద నాకున్న ఫిర్యాదు వాణ్ని చూపించినందుకు కాదు, వాణ్ని నవ్వడానికి మాత్రమే చూపించినందుకు.

ఇక సిరీస్‌లలో గే అంటే ఢిల్లీ, ముంబయి, ఇంగ్లీషు, చేతిలో గ్లాసు, సొంత గది. కరణ్ మంచి పాత్రే, కానీ అతని గదే మా ఇల్లంత ఉంటుంది. రెండు గదుల ఇంట్లో నలుగురుండే చోట ఫోన్‌కు లాక్ పెడితేనే ప్రశ్న. 2021లో ఇదే ఘేవాన్ 'గీలీ పుచ్చీ' అనే చిన్న సినిమా తీశాడు. అందులో భారతి మండల్ ఫ్యాక్టరీలో పనిచేసే దళిత స్త్రీ, ఇంకో స్త్రీని ప్రేమిస్తుంది. ఆమె ఆశపడ్డ ఆఫీసు ఉద్యోగం ఆ బ్రాహ్మణ స్త్రీకే దక్కుతుంది. కులమూ ప్రేమా రెండూ ఒకే మనిషిలో చూడటం నాకదే మొదలు. మూడుసార్లు చూశాను.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మమ్మల్ని నేరస్థుల జాబితాలోంచి తీసేసింది. పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమని 2023 అక్టోబరు 17న చెప్పింది. ఆ రోజు మా గ్రూపులో వచ్చింది ఒక రక్తదాన శిబిరం ఫోటో.

మా వాడలో పెళ్లిళ్లకూ, బుద్ధ పూర్ణిమకు విహారానికీ లైట్లు వేసేది నేనే. నిచ్చెన మీదుండగా కింద ఎవరో ఆ టీవీ నడక నడిచి చూపిస్తారు, అందరూ నవ్వుతారు. కాసేపటికి అదే నోళ్లతో త్రిశరణాలు. "నీ పెళ్లికి లైట్లు ఎవరు వేస్తార్రా అబ్బాయ్?" అని ఒక బాబాయ్ ప్రతిసారీ అడుగుతాడు. ప్రేమగానే అడుగుతాడు. "ఇంకో సీరియల్ సెట్టు అందియ్యి బాబాయ్" అంటాను.

ఆ ఆగస్టు రాత్రి సంగతి ఇంకొకటుంది. బౌద్ధ వివాహం అయిపోయాక అమ్మ అడిగింది, "ఆ అబ్బాయెవర్రా, అన్నీ తానే చూసుకుంటున్నాడు?"

"పెళ్లి చేయించేవాడమ్మా."

"అతనికి పెళ్లయిందా?"

"లేదు."

అమ్మ కాసేపు నావైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. ఆ భాగం మళ్లీ మొదట్నుంచి పెట్టమంది.