ఏడువేల కిలోమీటర్ల అవతల... మా పాతిల్లు!

ఫ్రైబుర్గ్‌లో నడిచేటప్పుడు తల కాస్త దించుకునే నడవాలి. లేదంటే కాలు తడవడం ఖాయం! ఈ ఊరి పాతపేటలో వీధి వీధికీ పక్కనే చిన్న చిన్న రాతి కాలవలు గలగలా పారుతుంటాయి. స్థానికులు వాటిని ముద్దుగా ‘బెష్లె’ అంటారు. డ్రైజామ్ నది నీటిని మళ్లించి మధ్యయుగాల్లోనే కట్టుకున్నారట. అప్పట్లో మంటలు ఆర్పడానికీ పశువులకు తాగించడానికీ పనికొచ్చేవి. ఇప్పుడేమో పిల్లలు చెక్కపడవలకు తాడు కట్టి అందులో లాక్కుంటూ తిరుగుతారు. పొరపాటున ఈ కాలవలో కాలేసినవాళ్లు ఈ ఊరివాళ్లనే పెళ్లాడతారని ఓ నమ్మకం. మరి పెళ్లయ్యాక వేసినవాళ్ల సంగతేంటో ఎవరూ చెప్పరు. మావారైతే మూడేళ్లలో నాలుగుసార్లు వేశారు!

అవును, మేం ఆ ఊళ్లో మూడేళ్లు కాపురం చేశాం. జర్మనీకి నైరుతి మూల, అటు ఫ్రాన్స్‌కీ ఇటు స్విట్జర్లాండ్‌కీ కూతవేటు దూరంలో, బ్లాక్ ఫారెస్ట్ కొండలకు ఆనుకుని ఉంటుంది ఫ్రైబుర్గ్. 1457లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉందక్కడ. మావారి పరిశోధన కోసం 2013లో వెళ్లాం. 2016లో ఇంకో మూడేళ్లు పొడిగిస్తామన్నారు. సరిగ్గా అప్పుడే భీమవరంలో మా అత్తయ్య పక్షవాతంతో మంచానపడ్డారు. రెండు నెలల్లో సామాను సర్దేసుకుని వచ్చేశాం. అత్తయ్య 2019లో పోయారు. ఇక అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక మాట తిరుగుతూనే ఉంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంట ఇరుక్కున్నా, కరెంటు పోయినా, జీతం సరిపోకపోయినా... ‘అక్కడే ఉండిపోయి ఉంటే?’. ఒక్కోసారి ఆయన అంటారు, ఒక్కోసారి నేను. ఆ మాట అంతు తేల్చుకోవడానికే 2025 జూన్‌లో చెరో సంచీ వీపున తగిలించుకుని బయల్దేరాం.

మూడు రైళ్లు... నాలుగ్గంటలు

ఈసారి అతిథులం. అంటే వీసా కావాలి. ఒక్కొక్కరికి 90 యూరోల రుసుము. సంచీ పది కిలోలు దాటకూడదని నియమం పెట్టుకున్నాం. అందులో ఒక కిలో కందిపొడి, పోపు డబ్బా! ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే ఐసీఈ రైలు రెండుంపావు గంటల్లో ఫ్రైబుర్గ్ చేరుస్తుంది. కానీ మా దగ్గరున్నది ‘డాయిష్‌లాండ్ టికెట్’. అప్పుడు నెలకు 58 యూరోలు (2026 జనవరి నుంచి 63 అయింది). దేశమంతటా సిటీ బస్సులూ ట్రాములూ ప్యాసింజరు రైళ్లూ ఎక్కొచ్చు. ఐసీఈలాంటివి మాత్రం ఎక్కకూడదు. ఇది నెలవారీ చందా. పదో తేదీలోపు రద్దు చేసుకోకపోతే వచ్చే నెల డబ్బు కూడా కోసేస్తారు, జాగ్రత్త. అలా మూడు రైళ్లు మారి, నాలుగ్గంటలకు పైగా కూర్చుని, కిటికీలోంచి ద్రాక్షతోటలు చూస్తూ ఊరు చేరాం.

స్టేషన్లో దిగగానే ఓ విచిత్రం. బోర్డు చూడకుండానే ఇద్దరం ఎడమవైపు మెట్లెక్కేశాం. తొమ్మిదేళ్లయినా కాళ్లు దారి మర్చిపోలేదు! దిగింది మాత్రం హాస్టల్లో. ఒకదాని మీద ఒకటి మంచాలు, గదిలో ఆరుగురం. సొంతూరిలో లాడ్జీలో దిగినట్టు అనిపించింది.

కొత్తగా కట్టుకున్న పాత ఊరు

ఊరి నడిబొడ్డున మున్‌స్టర్ చర్చి. దాని శిఖరం 116 మీటర్లు. 1330 ప్రాంతంలో పూర్తయింది. ముఖద్వారం దగ్గర గోడమీద రొట్టెల కొలతలు చెక్కి ఉంటాయి. 1270లో రొట్టె ఎంతుండాలో, 1317లో ఎంతుండాలో చూసుకోవచ్చు. అంగడివాడు మోసం చేశాడనుకుంటే రొట్టె తెచ్చి ఆ గీత మీద పెట్టి చూడటమే! తూనికలు, కొలతల శాఖ అన్నమాట. ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే ఆ చర్చి చుట్టూ సంత. జూన్ కదా... చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు తెచ్చిన చెర్రీలు, స్ట్రాబెర్రీలు కుప్పలు పోసి ఉన్నాయి. కాపురమున్న రోజుల్లో సంత ముగిసే వేళకు వెళ్లేవాళ్లం, ధర తగ్గుతుందని. ఈసారీ అదే వేళకు వెళ్లాం!

ఆ వీధుల్ని చూస్తే అన్నీ వందలేళ్లనాటివే అనిపిస్తాయి. 1944 నవంబరు 27 రాత్రి బ్రిటిష్ విమానాలు బాంబులు కురిపించాయి. దాదాపు 2,800 మంది చనిపోయారు. పాతపేట చాలావరకూ నేలమట్టమైంది. చర్చి మాత్రం నిలబడింది. యుద్ధం ముగిశాక అవే పాత వీధుల వరసల్లో, ఆ కాలవలతో సహా మళ్లీ కట్టుకున్నారు. ఆ సంగతి తెలిశాక నడుస్తుంటే ఇల్లు పోగొట్టుకున్న ఓ ఊరు తన ఇంటికి తనే తిరిగొచ్చినట్టు ఉంటుంది.

అందరూ తిరిగి రాలేదు. విశ్వవిద్యాలయం గ్రంథాలయం ఎదుట 1938 నవంబరులో నాజీలు తగలబెట్టిన యూదుల ప్రార్థనా మందిరం ఉండేది. మేం ఊరు వదిలే నాటికి ఆ స్థలంలో పనులు జరుగుతున్నాయి. 2017లో అక్కడ ఓ నీటి మడుగు కట్టారు. మందిరం పునాది ఆకారంలో, చీలమండ కూడా మునగనంత లోతు. ఎండాకాలం కదా, పిల్లలు అందులో ఎగిరి దూకుతున్నారు. అది జ్ఞాపకచిహ్నమని, అలా ఆడకూడదని బాధపడేవాళ్లూ ఉన్నారు.

మేమున్న స్ట్యూలింగర్ పేట స్టేషన్‌కి అవతల. మధ్యలో నీలం రంగు ఇనప వంతెన. పేరు వివిలి. సైకిళ్లూ నడిచేవాళ్లూ తప్ప కార్లు వెళ్లవు. దాని పిట్టగోడ మీద ఓ కంచు కోటు వేలాడుతుంటుంది. కొత్తవాళ్లు ఎవరో మర్చిపోయారనుకుంటారు. దగ్గరికెళితే ఆ కోటుకి యూదుల నక్షత్రం కనిపిస్తుంది. 1940 అక్టోబరు 22న ఈ ప్రాంతాల నుంచి ఆరున్నర వేల మందికి పైగా యూదుల్ని రైళ్లెక్కించి ఫ్రాన్స్‌లోని గుర్స్ శిబిరానికి తరలించారు. వాళ్ల ఇళ్ల ముందు కాలిబాటలో అరచేయంత ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. గున్టర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన పని ఇది. చాలావాటి మీద మొదటి మాట ఒకటే... ‘ఇక్కడ నివసించారు’. ఆ కింద పేరు, పుట్టిన సంవత్సరం, ఎటు తీసుకెళ్లారో. మేం మా ఇష్టంతో వదిలేసిన ఇంటిని చూసుకోవడానికి, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, చెర్రీలు తింటూ వెళుతున్నాం. ఆ పలక దాటాక కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

బెల్లు పక్కన వేరే పేరు

జర్మనీలో ఫ్లాట్లకు నంబర్లుండవు. గేటు దగ్గర బెల్లు పక్కన ఇంటిపేరుంటుంది. పైనుంచి రెండో బెల్లు మాది. ఇప్పుడు అక్కడ వేరే పేరు! తెలిసిందే అయినా గుండె కలుక్కుమంది. నొక్కుదామా అన్నారు మావారు. ‘ఎవరని చెబుతాం?’ అన్నాను. ఆయన దగ్గరా జవాబు లేదు. చివరికి కింది వాటా బెల్లు నొక్కాం. ఆ పెద్దావిడ మాకు చెత్తని నాలుగు రకాలుగా వేరుచేయడం నేర్పింది. ఆదివారం వాషింగ్ మెషీన్ వెయ్యకూడదని చెప్పింది. మా తిరగమోత ఘాటుకి రెండుసార్లు తలుపు తట్టి మరీ దగ్గింది! ఎనభై దాటాయి. గుర్తుపట్టి, ముందు మావారి బూట్లకేసి చూసింది, తుడుచుకున్నారా లేదా అని. కాఫీ పోస్తూ అంది కదా... ‘మీరు వెళ్లాక ఈ మెట్ల మీద ఏ వాసనా లేదు’. ఫిర్యాదో పొగడ్తో అర్థంకాలేదు. మర్నాడు వచ్చి అదేదో చేసిపెట్టమంది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు వంతెన మీద కూర్చున్నాం. అక్కడ జూన్‌లో అప్పుడే పొద్దుగూకుతుంది. కుర్రాళ్లు వంతెన కమానులెక్కి కూర్చున్నారు. అడిగేశాను, ‘ఉండిపోయి ఉంటే బాగుండేదా?’ అని. మావారు చాలాసేపటికి అన్నారు... ‘ఇక్కడ నా పని సగంలో ఆగిపోయింది. అది చిన్న నష్టమేం కాదు. అక్కడ అమ్మకి మూడేళ్లు నా చేత్తో అన్నం తినిపించాను. ఒకదాంతో ఒకటి చెల్లుబెట్టలేను. లెక్క వెయ్యడం మానేద్దాం’. అంతే. ఆ తర్వాత మేం ఆ మాట మళ్లీ అనుకోలేదని చెప్పను. అయితే ఇప్పుడు అనుకున్నప్పుడు పోట్లాట రావడం లేదు.

మర్నాడు పెద్దావిడ వంటింట్లో చారు పెట్టాను. నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ, మా సంచీలో తెచ్చుకున్న కరివేపాకు. తిరగమోత చుయ్యిమనగానే ఘాటు మెట్లెక్కి పైకి వెళ్లింది. రెండు నిమిషాలకు ఎవరో తలుపు తట్టారు. పై వాటా అమ్మాయి, బెల్లు పక్కన పేరున్న అమ్మాయే! దగ్గుతూ నవ్వుతూ ఏం వండుతున్నారని అడిగింది. సంగతి చెప్పగానే పైకి రమ్మంది.

అయిదు నిమిషాలున్నాం. గోడలకు వేరే రంగు, మంచం ఇంకో మూలన. కిటికీలోంచి హెర్ట్స్ యేసు చర్చి జంట గోపురాలు మాత్రం ఎక్కడివక్కడే. జర్మనీలో చాలా అద్దె ఇళ్లకు వంటగది సామగ్రి ఉండదు. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు అమ్ముకుంటారు. మేం అమ్మిన తెల్ల అలమారు చేతులు మారి ఇంకా అక్కడే ఉంది. దాని రెండో అరలో, ఎంత తోమినా పోని పసుపు మరక. ‘ఇదేమిటో మాకు ఇప్పటిదాకా తెలియలేదు’ అందా అమ్మాయి.

తెల్లారి బాజెల్ రైలెక్కాం. పోపు డబ్బా పెద్దావిడ దగ్గరే వదిలేశాం.