శుద్ధరాత్రి పాట పుట్టిన నదీతీరము

క్రిస్మసు ఆరాధనలో దీపాలు తగ్గించి, పెద్దలూ పిల్లలూ కలిసి నెమ్మదిగా పాడుకొనే పాట "శుద్ధరాత్రి". కీర్తనల పుస్తకము తెరువకుండానే మన అవ్వలు దానిని పాడగలరు. మన ఊరి పాటే అన్నంతగా మనలో కలిసిపోయిన ఈ పాట ఆస్ట్రియా దేశములో, ఒక నది ఒడ్డున పుట్టింది. ఆ చోటును ఒకసారి చూచి వద్దాము, రండి.

సాల్జ్‌బర్గ్ పట్టణమునుండి ఉత్తరముగా చిన్న రైలులో సుమారు అరగంట ప్రయాణము చేస్తే ఓబెర్న్‌డోర్ఫ్ వస్తుంది. ప్రక్కనే సాల్జాక్ నది. వంతెన దాటితే లాఫెన్. అది జర్మనీ దేశము. ఒకప్పుడు ఈ రెండూ ఒకే ఊరు. ఎగువనుండి ఉప్పు తెచ్చే పడవలే ఇక్కడివారికి జీవనాధారము. నెపోలియన్ యుద్ధాల తరువాత, 1816లో రాజులు నదినే సరిహద్దుగా గీశారు. ఆ గీతతో బంధువులు రెండు రాజ్యాలవారైపోయారు.

ఆ 1816వ సంవత్సరము ఐరోపాలో ఎండాకాలము రాని సంవత్సరము. అంతకు ముందటి ఏడు ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద సూర్యకాంతిని తగ్గించింది. పైరులు పండలేదు, ఎన్నో చోట్ల కరవు వచ్చింది. ఆ సంవత్సరమే మరియాఫార్ అనే కొండప్రాంతపు ఊరిలో జోసెఫ్ మోర్ అనే యువ కథోలిక్ గురువు, లోకమంతా నిద్రించే ఆ రాత్రిని గూర్చి ఆరు చరణాలు వ్రాశాడు. ఆయన తల్లి అల్లికపని చేసుకొని బ్రతికిన పేదరాలు. తండ్రి సైన్యము విడిచి వెళ్ళిపోయిన సిపాయి. శాంతిని గూర్చిన ఆ మాటలు కడుపు నిండినవాని కలమునుండి వచ్చినవి కావు.

మోర్ 1817లో ఓబెర్న్‌డోర్ఫ్‌కు వచ్చాడు. దగ్గరలోని ఆర్న్స్‌డోర్ఫ్‌లో బడిపంతులుగా ఉన్న ఫ్రాంజ్ గ్రూబర్ ఇక్కడి సెయింట్ నికొలస్ దేవాలయములో ఆర్గన్ కూడా వాయించేవాడు. ఆయన నేతగాని కుమారుడు. 1818 డిసెంబరు 24న మోర్ తన పద్యము ఆయనకిచ్చి, రెండు గొంతులకూ గిటారుకూ సరిపడే రాగము కట్టమన్నాడు. ఆ సాయంత్రమే రాగము సిద్ధమయింది. రాత్రి ఆరాధనలో మోర్ గిటారు వాయిస్తూ పాడాడు, గ్రూబర్ మంద్రస్వరములో కలిశాడు.

ఎలుకలు ఆర్గన్ తిత్తులను కొరికివేసినందువల్ల ఈ పాట పుట్టిందని మన ప్రసంగాలలో వింటూ ఉంటాము. అయితే 1854లో బెర్లిన్ రాజాస్థానమువారు విచారించగా గ్రూబర్ స్వయముగా వ్రాసిన వృత్తాంతములో ఎలుకల మాటే లేదు. 1995లో బయటపడిన మోర్ చేతివ్రాత ప్రతిమీద 1816 అనే సంవత్సరము ఉన్నది. అంటే మాటలు రెండేళ్ళు వేచియున్నాయి. వింత కథకంటె ఈ సత్యమే మనకు ఎక్కువ ఆదరణ ఇస్తుంది. కరవులో వ్రాసిన ప్రార్థనను దేవుడు తన సమయములో ఒక సంఘము నోట పలికించాడు.

పాట లోకములోనికి వెళ్ళిన దారికూడ వినదగినదే. ఆర్గన్ బాగుచేసే ఒక పనివాడు దానిని టిరోల్ కొండలకు తీసికొనిపోయాడు. అక్కడినుండి చేతితొడుగులు అమ్ముకొనే స్ట్రాసర్ కుటుంబమువారు 1830ల మొదట్లో లైప్‌జిగ్ సంతకు వెళ్ళి పాడారు. 1839లో రైనర్ కుటుంబమువారు న్యూయార్క్‌లో వినిపించారు. 1914 క్రిస్మసు రాత్రి యుద్ధరంగములో జర్మను సిపాయిలు ఈ పాట ఎత్తుకొనగా ఎదుటి కందకాలలోని ఆంగ్ల సిపాయిలు తమ పాటలతో బదులిచ్చారు. ఈనాడు మూడు వందలకు పైగా భాషలలో దీనిని పాడుతున్నారు. మోర్ మాత్రము 1848లో వాగ్రైన్ అనే గ్రామములో, తనకంటూ ఏమీ మిగుల్చుకొనకుండా మరణించాడు. ఆ ఊరి పేదపిల్లల చదువుకొరకు ఆయన పాటుపడ్డాడు.

ఇప్పుడు మళ్ళీ నది ఒడ్డుకు వద్దాము. ఆ రాత్రి పాట వినబడిన దేవాలయము అక్కడ లేదు. 1899 నాటి పెద్ద వరదతోపాటు పలుమార్లు వచ్చిన వరదలకు ఊరు ఎత్తైన చోటికి తరలింది. పాడైన గుడిని పడగొట్టారు. గోదావరి లంకలలో నివసించేవారికి ఈ బాధ వేరుగా చెప్పనక్కరలేదు. గుడి ఉన్నచోట, చిన్న దిబ్బమీద, తెల్లని గోడలతో ఎనిమిది పలకల మందిరము కట్టి 1937లో ప్రతిష్ఠించారు. లోపల కొద్దిమందికే చోటు. రంగుటద్దాల కిటికీలలో ఒకవైపు మోర్, మరొకవైపు గ్రూబర్ కనిపిస్తారు. ప్రతి ఏటా డిసెంబరు 24 సాయంత్రము అనేక దేశాలవారు ఆ మందిరము చుట్టూ చలిలో నిలిచి ఈ పాట పాడుతారు.

ప్రియులారా, మన గ్రామ సంఘాలలో కొన్నిటికి తాటాకు పందిరే మందిరము. కీబోర్డు లేదని, మైకు లేదని ఈ పండుగకు చిన్నబుచ్చుకొనే యౌవనస్థులున్నారు. ఓబెర్న్‌డోర్ఫ్‌లో రాతి గుడి నిలువలేదు. ఒక బడిపంతులూ ఒక పేదరాలి కొడుకూ పాడిన పాట నిలిచింది. లూకా సువార్త రెండవ అధ్యాయములోని పశువుల తొట్టి మనకు నేర్పేదీ అదే కదా! ఈ క్రిస్మసుకు కంజిర ఒక్కటే ఉన్నా సరే, ఏమీ లేకున్నా సరే, "శుద్ధరాత్రి" పాడండి. ఆరాధనకు రాలేని వృద్ధుల ఇంటి ముంగిట నిలిచి ఒకసారి పాడండి. వారికి ఆ రాత్రి అదే మందిరమవుతుంది.