కొలతకు కుట్టిన సైకిలు

మనలో రైకకు కొలత ఇవ్వని వాళ్ళు ఎవరుంటారు చెప్పండి? భుజం జారినా, చంక పట్టేసినా ఒక్క పూట ఓర్చుకోం. తీసుకెళ్ళి దర్జీ ముందు పడేసి, విప్పి మళ్ళీ కుట్టమంటాం. అదే సైకిలు దగ్గరికి వచ్చేసరికి, షాపులో ఏది ఉంటే దానికి మన ఒళ్ళే సర్దుకుంటాం. సైకిలు ఫ్రేమును కూడా కొలత తీసుకుని చేసేవాళ్ళు ఉంటారని నాకు మా అమ్మాయి వల్ల తెలిసింది. అలాంటి వాళ్ళను వెతికి పట్టుకోవడం ఎలాగో మీతో కూడా చెబుదామని ఇది రాస్తున్నాను.

మాది కోహీర్. జామపండ్ల ఊరంటే హైదరాబాదు వాళ్ళు టక్కున గుర్తుపడతారు. నేను ఇంటర్ దాకా చదివాను. ఇంట్లోనే మిషను మీద రైకలు, చుడీదార్లు కుడుతుంటాను. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఎత్తు సరిగ్గా అయిదడుగులు. దానికి సైకిలు పిచ్చి. రేసులు కాదండీ, సామాను కట్టుకుని ఊళ్ళు తిరిగే పిచ్చి. 'బ్రెవే' అని ఒకటుందట. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. ఫస్టు, సెకండు ఏమీ ఉండవు, టైములోపల వస్తే చాలు. అలాంటివి మూడు పూర్తి చేసి, సంక్రాంతికి ఇంటికి వచ్చింది. జడ వేసుకోబోయి మధ్యలో ఆపేసింది.

"అమ్మా, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిర్లు పోతలేవే. నెల రోజులాయె" అంది.

డాక్టరుకు చూపించాం. అరచేతి అంచున ఉండే నరం మీద బరువు పడుతోందనీ, సైకిలు మానెయ్యమనీ చెప్పాడు. పిల్ల మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. రైక చంకలో పట్టేస్తే రైకలు మానేస్తామా? సైకిలును గోడకు ఆనించి, దాన్ని ఎక్కి కూర్చోమన్నాను. నేను పక్కన నిలబడి చూశాను. చేతులు బార్లా చాచింది. భుజాలు చెవుల దాకా లేచాయి. ఒంటి బరువంతా హ్యాండిలు మీదే ఉంది. చిన్న భుజాల పిల్లకు పెద్ద కొలత రైక తొడిగినట్టే ఉంది.

షాపుల్లో అడిగితే "ఇదే చిన్న సైజమ్మా" అన్నారు. సీటు కిందికి దించారు. సీటు దించితే కాలు అందుతుంది గానీ చెయ్యి అందదు కదా! హ్యాండిలు దగ్గరి ముక్క మార్చి కాస్త దగ్గరికి తెచ్చారు. కొంచెం నయం, అంతే. పైగా మలుపు తిప్పినప్పుడు బూటు ముందు చక్రానికి తగులుతోంది. లేడీస్ సైకిలు కొనుక్కోమని కొందరు సలహా ఇచ్చారు. గమనించారో లేదో, లేడీస్ సైకిలంటే చాలావాటిలో చేసేది ఒక్కటే, చీరకు అడ్డం రాకుండా మధ్య గొట్టం కిందికి వంచడం. మన చేతి పొడవు, నడుం పొడవు ఎవరూ అడగరు.

అయినా ఆడవాళ్ళు ఏనాడూ ఆగలేదు లెండి. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. లేడీస్ సైకిళ్ళు చాలక జెంట్స్ సైకిళ్ళే తొక్కారట. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మహిళా ఇంజనీరు ఉన్నారు. ఫ్రేములు అతకడం తానే నేర్చుకుని, 1985లో ఆడవాళ్ళ కోసమే సైకిళ్ళ కంపెనీ పెట్టారు. పొట్టివాళ్ళకు గొట్టం పొడవు తగ్గించాలంటే ముందు చక్రం అడ్డం వస్తోందని ఆ చక్రాన్నే చిన్నది చేశారు, 24 అంగుళాలకు. ఇది మా అమ్మాయి చదివి చెప్పగానే, మన పిల్లకూ ఎవరో ఒకరు చేసిపెట్టకపోతారా అనిపించింది.

మొదట జహీరాబాదులో ట్రాక్టరు ట్రాలీలు అతికే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. పాత సైకిలు చూపించి విషయం చెప్పాను. ఆయన నవ్వలేదు, ఎగతాళి చెయ్యలేదు.

"అక్కా, నేను లావు ఇనుము అతికేటోన్ని. మీరు చెప్పే గొట్టం కాగితం లెక్కుంటది. నా మంట పెడితే బొక్క పడ్తది. దారిలో ఎక్కడన్న ఇరిగితే ఇత్తడితోని అతికి ఇల్లు చేరుస్త. కొత్తది కట్టుడు మాత్రం వేరే పని" అన్నాడు. చేతకానిది చేతకాదని చెప్పే మనిషి దొరకడం కూడా అదృష్టమేనండీ.

ఆ గొట్టం సంగతి తర్వాత తెలుసుకున్నాను. దాన్ని క్రోమోలీ అంటారు. ఉక్కులో క్రోమియం, మాలిబ్డినం కాస్త కలిపితే గట్టిదనం పెరుగుతుంది, కాబట్టి గొట్టం పల్చగా చేయొచ్చు. అతుకు పడే రెండు చివర్లా 0.9 మిల్లీమీటర్ల మందం, మధ్యలో 0.6 ఉండేలా కూడా చేస్తారు. రైకకు చంక దగ్గర లోపల ఇంకో ముక్క వేస్తాం చూడండి, అలాగన్నమాట. ఇలా చివర్లు మందంగా ఉండే గొట్టానికి ఇంగ్లండులో రెనాల్డ్స్ వాళ్ళు 1897లోనే పేటెంటు తీసుకున్నారు. అల్యూమినియం తేలికే గానీ, విరిగితే పల్లెల్లో అతికేవాళ్ళు దొరకరు. బరువుతో దూరాలు పోయేవాళ్ళు ఉక్కునే కోరుకోవడానికి ఇదొక కారణం.

ఇక వెతుకులాట. పేర్లు రాయను గానీ, ముగ్గురితో మాట్లాడాం. మొదటాయన "ఎత్తెంత? అడ్వాన్సు ఎప్పుడు పంపుతారు?" అని రెండే ప్రశ్నలు వేశాడు. రెండో ఆయన పదిహేను రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. రంగు వెయ్యకముందు అతుకులు ఎలా ఉంటాయో ఫొటోలు పంపమంటే మాట దాటేశాడు. మూడో ఆయన పూణేలో ఉంటాడు, చిన్న వయసే. "ఇప్పుడున్న సైకిలు మీద కూర్చున్న ఫొటో పక్కనుంచి తీసి పంపండి. ఎంత బరువు మోస్తారు? ఎలాంటి రోడ్లు? నొప్పి ఎక్కడ?" అని అడిగాడు. నొప్పి ఎక్కడని అడిగిన మొదటి మనిషి అతనే. అయిదు నెలలు పడుతుందన్నాడు. సరే, ముందు మనిషిని చూద్దామని తల్లీ కూతుళ్ళం జహీరాబాదులో రాత్రి బస్సెక్కాం. మా జహీరాబాదు మీదుగా పోయే 65వ నంబరు హైవే ఒక కొస పూణే, ఇంకో కొస మచిలీపట్నం.

అక్కడ నాకు పరాయి చోటులా అనిపించలేదు. కొలతలన్నీ మన పద్ధతే. చెప్పులు విప్పించి గోడకు నిలబెట్టి, కాళ్ళ మధ్య ఒక పుస్తకం పైకి నొక్కి పట్టుకోమని, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలిచాడు. తర్వాత నడుం పైభాగం, భుజాల వెడల్పు, చేతి పొడవు, పాదం. ముందుకీ వెనక్కీ జరిగే బల్లలాంటి సైకిలు మీద కూర్చోబెట్టి తొక్కించాడు. ఆ తర్వాత నిండు కొలతతో కాగితం మీద బొమ్మ గీశాడు, మనం కాగితం కటింగు చేసుకున్నట్టు. ఇత్తడి దాదాపు 900 డిగ్రీల దగ్గర కరిగి సందుల్లోకి పారుతుందట, ఉక్కు మాత్రం కరగదట. ఫ్రేము వంకర పోయిందో లేదో దారం కట్టి చూస్తారట. వెనక చక్రం బిగించే చోటి నుంచి హ్యాండిలు కింది గొట్టాన్ని చుట్టి అవతలి పక్కకు దారం లాగితే, మధ్య గొట్టానికి రెండు వైపులా సమానంగా ఎడం ఉండాలి. దారం మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది!

నేనూ ఊరుకోలేదు. టైరు చిరిగితే మా వైపు దొరుకుతుందా అని అడిగాను. మంచి ప్రశ్నే అన్నాడు. పెద్ద సైకిళ్ళకు వాడే 700సి చక్రం రిమ్ము 622 మిల్లీమీటర్లు. మన ఊళ్ళలో దొరికే 28 అంగుళాల టైరు 635 రిమ్ముది. ఒకటి ఇంకోదానికి ఎక్కదు. అందుకని 26 అంగుళాల చక్రాలు పెడదామన్నాడు, గేర్ల సైకిళ్ళకు వచ్చే 559 రకం. అవి ఊరూరా దొరుకుతాయి, పొట్టివాళ్ళకు కాలు చక్రానికి తగలదు కూడా. అదే 26 పేరుతో సన్నటి పాత రకం టైరు ఇంకోటుంది, అది 590. పక్కనున్న అంకె చూసి కొనాలి సుమండీ. మడమకు సంచులు తగలకుండా వెనక గొట్టాలు పొడుగ్గా, క్యారియర్లకూ మడ్‌గార్డులకూ కన్నాలు, మూడు నీళ్ళ సీసాలకు చోటు. అన్నీ కాగితం మీద రాయించుకున్నాం. అతుకు విడిపోతే ఉచితంగా బాగు చేస్తానని కూడా.

ఇక డబ్బు మాట. ఫ్రేము, ముందు చిమ్టా కలిపి తులం బంగారం కన్నా తక్కువే అయింది. గేర్లు పాత సైకిలువే వాడాం. అయినా మా ఇంటికి అది పెద్ద మొత్తం. అమ్మాయి పెళ్ళికి గొలుసు చేయిద్దామని, మిషను మీద సంపాదించి నేను చిట్టీ కట్టిన డబ్బు అది.

"పిల్ల మెడల ఏసే పైసలు ఇనుములో పోస్తవా?" అంది మా అత్తమ్మ.

మా వారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో చూస్తలేవా?" అన్నారు. ఆయన భయం పైసల గురించి కాదని అప్పుడు తెలిసింది. అమ్మాయి మాత్రం ఒక్క మాటే అంది. "గొలుసు తర్వాత నేనే కొనుక్కుంటనే అమ్మా. వేళ్ళు యాడ కొనుక్కోవాలె?"

దానికి జవాబేముంది? చిట్టీ ఎత్తి డబ్బు పంపాను. అత్తమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆవిడ కాలంలో ఆడపిల్లకు అక్కరకొచ్చేది బంగారమొక్కటే, ఆవిడను తప్పు పట్టను.

అయిదు నెలలన్నది ఆరు నెలలైంది. వచ్చింది చిన్న సైకిలు, ముదురాకు రంగు. ఎక్కి కూర్చుంటే మోచేతులు కొద్దిగా మడిచి, భుజాలు దించి, ఇంట్లో పీట మీద కూర్చున్నంత హాయిగా కూర్చుంది. రెండు నెలలకు వేళ్ళకు స్పర్శ తిరిగి వచ్చింది. డాక్టరు నొక్కి చూసి, ఇక ఫరవాలేదన్నాడు. ఆ నవంబరులో స్నేహితురాలితో కలిసి, రెండు సంచులు కట్టుకుని, కోహీర్ ఎర్రమట్టి నుంచి మచిలీపట్నం సముద్రం దాకా 400 కిలోమీటర్లకు పైగా ఏడు రోజుల్లో వెళ్ళింది. రోజూ చీకటి పడేలోపు ఫోను చెయ్యాలన్నది నా షరతు. వెళ్ళేముందు రోజు మా వారు జహీరాబాదు వెళ్ళి, రాత్రి లైటు పడితే మెరిసే జాకెట్లు రెండు తెచ్చి, మాట్లాడకుండా సంచుల మీద పెట్టారు.

అందరూ ఇంత ఖర్చు పెట్టాలని నేననను. బడికీ బజారుకూ మామూలు సైకిలు చాలు. కానీ మీ అమ్మాయో, మీరో రోజూ గంటల తరబడి తొక్కుతూ, మెడో చెయ్యో నొప్పి అంటుంటే, ముందు గోడకు ఆనించి కూర్చోబెట్టి పక్కనుంచి చూడండి. సీటు, హ్యాండిలు సర్దితే పోతుందేమో చూడండి. పోకపోతే చేసేవాళ్ళను వెతకండి. ఎత్తు మాత్రమే అడిగేవాళ్ళకు దండం పెట్టండి. నొప్పి ఎక్కడని అడిగి, అతుకులు దాచకుండా చూపించి, ఆలస్యమవుతుందని ముందే చెప్పేవాళ్ళనే నమ్మండి. మనకు సరిపోనిదాన్ని ఎవరైనా "అలవాటైపోతుందిలే" అంటే, ఏ అలవాటు మంచిదో, ఏది నరం మీద బరువో తేల్చుకోవలసింది మనమే.